ఆరు నిమిషాలు లిఫ్టు రాదు

మూడోది కూడా లేవలేదు.

ఫ్యాను తిరిగింది. పచ్చదీపం వెలిగింది. తెర మాత్రం తారు పూసినట్టు నల్లగా ఉండిపోయింది. పట్టకారమ్మ మనసులో వంద దాకా లెక్కపెట్టింది. స్విచ్చి ఆపింది, తీగ పీకింది, లోపల మిగిలిన కరెంటు దిగిపోయేదాకా బటన్ నొక్కి పట్టుకుంది. ఇనుప పెట్టె అంచును అరచేత్తో తాకింది. మనిషి ఒంట్లో ఉన్న కరెంటు ముందు ఆ ఇనుములోకి దిగాలి. లేకపోతే కంటికి కనిపించని ఒక్క చిటుకు చాలు, ప్రాసెసర్ ప్రాణం తీయడానికి. మరలు విప్పి, ఫ్యాను దిమ్మను అటూ ఇటూ మెల్లగా తిప్పి, వదులయ్యాక పైకెత్తింది. ఊడబెరికితే కిందున్న ప్రాసెసర్, వేడిని లాగే పేస్టుకు అంటుకుని గూట్లోంచి లేచొచ్చేస్తుంది. ఆ పని చేసిన మొనగాళ్లను ఆమె చాలామందిని చూసింది.

ప్రాసెసర్‌ను భూతద్దం కింద తిరగేసింది. వెయ్యికి పైగా బంగారు రంగు కాళ్లు, వెంట్రుక కంటే కాస్త లావు. ఒక్కటీ వంగలేదు. పద్ధెనిమిదేళ్లుగా చూస్తోంది, అయినా ఆ వరసలు చూసిన ప్రతిసారీ ఆమెకు ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. అగ్గిపెట్టెంత చోట్లో ఇంత క్రమమా! మనుషులు క్యూలో నిలబడలేరు.

మరి ఎందుకు లేవడం లేదు?

ఆసుపత్రి నుంచి ఇరవై నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. ప్రతిదాంట్లో పాత ప్రాసెసర్ తీసి కొత్తది పెట్టాలి, శనివారానికి పంపేయాలి. సోమవారం సాయంత్రానికి ఆమె తొమ్మిది చేసింది. ఆరు లేచాయి. మూడు లేవలేదు.

"ఏంటమ్మా, ఇదీ పోయిందా?" మేనేజరు గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"పోలేదండీ. లేవట్లేదు."

"రెండిటికీ తేడా ఏంటి?"

"ఉందండీ. ఏంటో ఇంకా చేతికి దొరకలేదు."

"దొరకాల్సింది నీ చెయ్యేనమ్మా. పొద్దున టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను, వణుకుతోంది. వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు." మేనేజరు గొంతులో జాలి కూడా ఉంది. జాలితో కొట్టే దెబ్బకు చప్పుడుండదు. "రేపట్నుంచి మావాడు కూర్చుంటాడు ఈ బల్ల దగ్గర. నువ్వు దుమ్ము దులిపే పని చూడు."

పని పుస్తకం తెరిచి, నిలబడే రాశాడు. వెళ్లాక ఆమె చూసింది. "చేతి వణుకు వల్ల మూడు ప్రాసెసర్లు పాడు." అక్షరాలు చక్కగా, గుండ్రంగా ఉన్నాయి.

తప్పుకు నీళ్ల గుణం ఉంటుంది. ఎక్కడ పోసినా కిందికే పారుతుంది. ఆ భవనంలో అన్నిటికంటే కింద, లిఫ్టు పక్కనున్న ఆ గదిలో పట్టకారమ్మ కూర్చుంటుంది.

ఆమె పట్టకారును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆ పట్టకారు ఆమె చేతికి ఆరో వేలు. దాన్ని చూసే ఆమెకు పట్టకారమ్మ అని పేరు పెట్టాడు లిఫ్టు నడిపే ముసలాయన, లిఫ్టు తాత. అసలు పేరు జీతాల కాగితంమీద తప్ప ఎక్కడా లేదు.

ఇంటికి వెళ్లగానే అత్తగారిని సూదీ దారం అడిగింది.

"ఏం చినిగింది?" అత్తగారు కళ్లద్దాలు నుదుటికి తోసుకుంటూ అడిగింది.

"నా పరువు."

"దానికి దబ్బనం కావాలిగా, సూది ఏం సరిపోతుంది?" అంటూనే పెద్దావిడ డబ్బా అందించింది.

పట్టకారమ్మ అన్నిటికంటే సన్నని సూది ఏరింది. కిటికీ దగ్గర నిలబడి దారం ఎక్కించింది. తీసింది. మళ్లీ ఎక్కించింది. పదిసార్లు. దారం కొస తడపకుండా, పురి పెట్టకుండా పదిసార్లూ ఒకే పోటుకు ఎక్కింది. అత్తగారు ప్రతిసారీ లెక్కపెట్టింది. పదకొండోసారి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవడన్నాడే వణుకుతోందని?"

"టీ గ్లాసు పట్టుకున్నప్పుడు మేనేజరు చూశాడట. నేనూ అనుకుంటున్నా అత్తయ్యా, పొద్దుట్నుంచీ. ఆయన అన్నదానికన్నా దానికే ఎక్కువ భయం వేసింది."

"టీ గ్లాసు వేడిగా ఉంటే రాజుగారి చెయ్యైనా వణుకుతుంది. చెయ్యి బాగుంది. ఇంకోచోట వెతుక్కో."

మంగళవారం ఆమె కుర్చీలో మేనేజరు బావమరిది కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి. చెడ్డవాడేం కాదు. పరీక్ష పాసైన సర్టిఫికెట్‌ను చట్రం కట్టించి బల్లమీద పెట్టుకున్నందుకు అందరూ అతన్ని సర్టిఫికెట్టనే పిలిచేవాళ్లు. అతను దాన్ని బిరుదనుకునేవాడు.

ఆమె మూలన నేలమీద కూర్చుని, మెత్తని కుంచెతో కంప్యూటర్ల లోపలి బోర్డుల దుమ్ము దులుపుతోంది. దులుపుతూనే ఓరకంట చూస్తోంది. అతను ప్రాసెసర్‌ను గూటిమీద పెట్టి బొటనవేలు ఎత్తాడు.

"నొక్కకు!"

గదిలో ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. అతను అదిరిపడ్డాడు.

"కూర్చోలేదక్కా అది."

"కూర్చోకపోతే నువ్వు పెట్టింది తప్పని అర్థం. మూల చూడు. బంగారు త్రికోణం ఉందా? గూటి మూలన కూడా అలాంటి గుర్తే ఉంటుంది. రెండూ ఒకేవైపు రావాలి. గూటి పక్కనున్న మీట నిటారుగా లేపావా? ఆఁ. అంచులు పట్టుకుని, ఆనించి, వదిలెయ్. దాని బరువుతో అదే దిగుతుంది."

అతను తిప్పి పెట్టి వదిలాడు. చప్పుడు లేకుండా, నీళ్లలో ఆకు మునిగినట్టు అది దిగిపోయింది. వెయ్యి కాళ్లు, వెయ్యి బొక్కలు, ఒకేసారి. సర్టిఫికెట్టు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. పరీక్షలో దీని బొమ్మ గీసి ఉంటాడు. బొమ్మలో ఈ దిగడం ఉండదు.

"ఇప్పుడు మీట వాల్చు. పేస్టు పెసరగింజంత చాలు. గారెపిండి కాదది."

సాయంత్రానికి అతను ఐదు చేశాడు. మూడు లేచాయి. రెండు లేవలేదు.

పట్టకారమ్మ కుంచె ఆపి చెవులు రిక్కించింది. మేనేజరు వచ్చాడు, చూశాడు, పెదవి విరిచాడు. "సరుకే చెడ్డది. కొత్త ప్రాసెసర్లలో పుచ్చులున్నాయి. తిరిగి పంపేద్దాం."

అంతే. ఆమె చేతిలో లేవకపోతే చెయ్యి చెడ్డది. బావమరిది చేతిలో లేవకపోతే సరుకు చెడ్డది. ఒకే ప్రాసెసర్, ఒకే బల్ల, ఒకే గూడు. పని పుస్తకం మాత్రం తెరవలేదు, నిన్నటి మాట కొట్టెయ్యలేదు.

ఆమెకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ కోపం కంటే ముందు ఒక ఆలోచన తన్నుకొచ్చింది. ఆ రెండింటినీ ఆమె దగ్గరుండి చూసింది. వాటి కాళ్లు వంగలేదు, అతను నొక్కలేదు. అంటే తన మూడూ కూడా చేతివల్ల కాదు. పుచ్చు సరుకే అయితే, లేచిన యంత్రంలోని ప్రాసెసర్ తీసి లేవని దాంట్లో పెడితే లేవాలి. మేనేజరు మెట్లెక్కగానే సర్టిఫికెట్టుచేత ఆ పని చేయించింది. లేవలేదు. లేవని దాంట్లోది తెచ్చి లేచిన దాంట్లో పెట్టించింది. టక్కున లేచింది.

"సరుకు బాగానే ఉందక్కా!"

"ఉంది. బోర్డులో ఉంది తిరకాసు."

దుమ్ము దులిపే పనికి తోయడం వల్ల ఆమెకు జరిగిన మేలు ఒక్కటే. ఇరవై నాలుగు బోర్డులూ ఆమె కుంచె కిందికి వచ్చాయి. ప్రతి బోర్డుమీదా దుమ్ము కింద గోరంత కాగితం అతికించి ఉంది, దానిమీద ఒక అంకె. కొన్నింటిమీద 22. కొన్నింటిమీద 11. నేలమీద గొంతుక్కూర్చుని, లేవని ఐదింటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చింది.

పదకొండు. పదకొండు. పదకొండు. పదకొండు. పదకొండు.

రెండు రోజులుగా కళ్ల ముందే ఉన్న కాగితం. తను ఊది పారేసిన దుమ్ము కింద నిజం అంకె వేసుకుని కూర్చుంది.

"ఆ బోర్డు చేసినవాళ్ల పేజీలో చూడు బాబూ. ఈ అంకె ఏంటో, ఈ ప్రాసెసర్‌కి ఎంత ఉండాలో."

సర్టిఫికెట్టు వెతికి చదివాడు. అది బయాస్ అంకె. బోర్డు నిద్ర లేవగానే మొదట తనకు తాను చెప్పుకునే పాఠం ఆ బయాస్. ఎవరెవరు తన మనుషులో అందులో రాసి ఉంటుంది. ఈ కొత్త ప్రాసెసర్ పేరు ఇరవయ్యో పాఠం నుంచే ఉంది. పదకొండో పాఠం చదివిన బోర్డుకు ఈ కొత్తవాడెవడో తెలియదు. తెలియనివాడికి తలుపు తీయలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఇదంతా చెబితే అత్తగారు పడీపడీ నవ్వింది. "నిన్ను పెళ్లాడి తీసుకొస్తున్నానని నా కొడుకు నాకు ముందు చెప్పాడా? చెప్పలేదు. మూడు రోజులు నేను నీతో మాట్లాడానా? మాట్లాడలేదు. నీలో లోపముందా? నాలో లోపముందా? చెప్పాల్సినవాడు ముందు చెప్పలేదు, అంతే. ఆ బోర్డు నాలాంటిదేనే!"

బుధవారం ఆమె రెండంతస్తులు ఎక్కి మేనేజరు గదికి వెళ్లింది.

"బయాస్ మార్చాలండీ. ముందు పాత ప్రాసెసర్ పెట్టి బోర్డును లేపాలి, కొత్త పాఠం ఎక్కించాలి, ఆ తర్వాతే కొత్త ప్రాసెసర్."

మేనేజరు కలం కింద పెట్టాడు. "కింద గోడమీద ఏం రాసుంది?"

"బయాస్ ముట్టరాదని."

"ఎవరు రాశారు?"

"మీరేనండీ."

"ఎందుకు రాశానో తెలుసా? రెండేళ్ల కింద నా చేత్తోనే మార్చబోయాను. సగంలో కరెంటు రెప్ప కొట్టింది. ఒక్క రెప్ప. బోర్డు రాయైపోయింది. నడిచేదాన్ని కెలకొద్దు, అంతే."

"నడిచేదాన్ని కెలకొద్దండీ, ఒప్పుకుంటా. పాత ప్రాసెసర్‌తోనే ఉండేదైతే నేనూ ముట్టను. కానీ ఇప్పుడు కొత్తవాణ్ని పంపుతున్నాం. మార్చకపోవడమే కెలకడం."

"మాటలు బాగా నేర్చావు. ఒక్క బోర్డు రాయైతే నిన్ను దుమ్ము దగ్గర కూడా ఉంచను, చెబుతున్నా. వెళ్లు."

వెళ్లమన్నాడు. వద్దని మాత్రం అనలేదు. లిఫ్టులో దిగుతూ ఆమె ఆ తేడాను పట్టుకుంది. లిఫ్టు కదలగానే నెత్తిమీది దీపం ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది.

"తాతా, ఇదెప్పుడూ ఇంతేనా?"

"ఏది?"

"దీపం కన్నుకొట్టడం."

లిఫ్టు తాత స్టూలుమీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు. "నా మోటారు లేచినప్పుడల్లా ఈ భవనం మొత్తం కన్నుకొడుతుందమ్మాయ్. ముప్పై ఏళ్లుగా నేను కొట్టిస్తున్నా. ఒక్క ఆడమనిషైనా తిరిగి చూసిందా!"

ఆమె నవ్వలేదు. రెండేళ్ల కింద ఆ బోర్డును రాయి చేసిందెవరో ఆమెకు అప్పుడు తెలిసింది. తలరాత కాదు, లిఫ్టు. మేనేజరు గోడమీద కాగితం అతికించాడు కానీ ఆ దీపం ఎందుకు రెప్ప కొట్టిందని ఎవర్నీ అడగలేదు. ఎవర్ని అడగాలి? స్టూలుమీద కూర్చునేవాణ్నా?

గదిలో కరెంటు పోయినా నిలబెట్టే యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ చచ్చి ఏడాదైంది. కొత్తది కావాలని నాలుగుసార్లు అడిగారు. ఇప్పుడు దానిమీద టీ గ్లాసులు పెడుతున్నారు.

"తాతా, రేపు ఆరు నిమిషాలు లిఫ్టు ఆపాలి."

"ఎందుకు?"

ఆమె చెప్పింది. తాతకు సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"అంటే ఆ ఆరు నిమిషాలు నీ యంత్రానికి పాతదీ గుర్తుండదు, కొత్తదీ వచ్చి ఉండదు. నడిమధ్య ఉంటుంది."

"అవును తాతా."

"మోకాలి ఆపరేషనప్పుడు నన్నలాగే పడుకోబెట్టారు." ఆయన లేచి తలుపు రేకు తట్టాడు. "తలుపు తెరిచి కాలు అడ్డం పెడితే చాలు, ఇది కదలదు. ఎన్నింటికి?"

ఎన్నింటికి? అదే అసలు ప్రశ్న. పొద్దున పది దాకా నీళ్ల పంపు తిరుగుతుంది. పన్నెండు నుంచి భోజనాల రద్దీ. నాలుగింటికి పై అంతస్తుల్లో ఏసీలన్నీ ఒకేసారి పెంచుతారు. పద్ధెనిమిదేళ్లు కింది గదిలో దీపం వంక చూసినవాళ్లకు ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు.

"పదకొండుంబావుకి," అంది.

గురువారం పదకొండు గంటలకు సర్టిఫికెట్టు తనంతట తానే కుర్చీ ఖాళీ చేశాడు. "కూర్చో అక్కా. నా చెయ్యి మాత్రం ఇవాళ నిజంగానే వణుకుతోంది."

ఇంకా ముట్టని పది యంత్రాల్లో ఒకదాన్ని తెరిచి, పాత ప్రాసెసర్ తీసి, లేవని బోర్డు గూట్లో దించింది. దిగింది. స్విచ్చి వేసింది. మూడు రోజులుగా శవంలా ఉన్న తెర భళ్లున తెల్లారింది. పాత మనిషి గొంతు వినగానే తలుపు తీసింది బోర్డు.

కొత్త పాఠం ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చింది. బోర్డు పేరూ పాఠం పేరూ ఒక్కొక్క అక్షరం వేలితో సరిచూసింది, రెండుసార్లు. వేరే బోర్డు పాఠం ఎక్కితే అదీ చావే. తర్వాత గుమ్మంలోకి వెళ్లి చెయ్యి ఊపింది. తాత లిఫ్టు తలుపు తెరిచి, ఆపరేషనైన కాలునే అడ్డం పెట్టాడు.

ఆమె కీబోర్డుమీది మీట నొక్కింది. ఒక గీత మొదలైంది. ఒకటి శాతం. రెండు.

ఇక చేయడానికేమీ లేదు. అదే కష్టం. పనిచేసే చేతులకు ఖాళీగా ఉండటమంత బరువు ఇంకోటి లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. నెత్తిమీది దీపం నిలకడగా వెలుగుతోంది. ఎప్పుడూ గరగర వినిపించే భవనంలో మోటారు చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకు అనిపించింది, ఈ ఐదంతస్తులూ ఒక ముసలాయన కాలుమీద నిలబడి ఉన్నాయని.

ముప్పై శాతం దగ్గర పైనుంచి గంట మోగింది. లిఫ్టు గంట. మళ్లీ మోగింది. ఆగకుండా మోగింది.

"ఎవరది?" తాత పైకి అరిచాడు.

"నేను! లిఫ్టు పంపు!" మేనేజరు గొంతు.

"ఆరు నిమిషాలు రాదండీ!"

"ఎందుకు రాదు?"

"నా కాలు అడ్డం ఉందండీ!"

మెట్లమీద బూట్ల చప్పుడు దిగుతోంది. అరవై. అరవై ఐదు. డెబ్బై. బూట్లు గుమ్మంలో ఆగాయి. మేనేజరు ఆయాసపడుతున్నాడు. తెర చూశాడు, గీత చూశాడు, గోడమీద తను రాసిన కాగితం చూశాడు. చెయ్యి స్విచ్చి వైపు లేచింది.

"ముట్టకండి," అంది పట్టకారమ్మ. తల తిప్పలేదు, గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఆపితే రాయైపోతుంది. ఆపింది మీ చెయ్యవుతుంది."

ఆ చెయ్యి గాల్లో ఆగింది. అలాగే మెల్లగా కిందికి దిగింది. ఇక ఆయన చేయగలిగింది కూడా ఆమె చేస్తున్నదే. నిలబడటం. చూడటం. ఎనభై. ఆజ్ఞలిచ్చే మనిషి, ఆజ్ఞలు పనికిరాని గదిలో మొదటిసారి నిలబడ్డాడు. తొంభై. తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది. తాత దగ్గు కూడా సగంలో మింగేశాడు.

వంద.

తెర ఆరిపోయింది. తెల్లారింది. మూలన ఒక అంకె. 22.

ఆమె ఆగలేదు. ఆపింది, తీగ పీకింది, ఇనుము తాకింది, దిమ్మ తిప్పి తీసింది. మీట లేపింది. పాతదాన్ని తీసి అట్టపెట్టెలో పెట్టి కొత్తదాన్ని అంచులతో పట్టుకుంది. వెనక మేనేజరు భుజం మీదుగా వంగి ఆమె వేళ్లే చూస్తున్నాడు. వణుకు కోసం చూస్తున్నాడు. ఆమెకు తెలుసు. వేళ్లు గూటిమీద ఆనాయి. వదిలాయి.

అది దిగింది. వెయ్యి కాళ్లూ ఒకేసారి, ఏ బలమూ లేకుండా.

స్విచ్చి వేసింది. తెరమీద కొత్త ప్రాసెసర్ పేరు వచ్చింది, తెల్లటి అక్షరాల్లో. లోపల ఎన్ని కోట్ల దీపాలు ఒక్కసారి కన్ను తెరిచాయో ఎవరు లెక్కపెట్టగలరు? సర్టిఫికెట్టు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మేనేజరు కూడా ఆ పేరు వంక, తొలిసారి చూస్తున్న పిల్లాడిలా చూశాడు. ఆ ఒక్క క్షణం ఆయనలో మేనేజరు లేడు. అది ఆమె చూసింది, కాబట్టి ఒప్పుకోవాలి.

తర్వాత మేనేజరు వచ్చేశాడు. గొంతు సవరించుకున్నాడు. "సరే. అంకె పదకొండువి ఇంకా ఎన్నున్నాయి?"

"లేవనివి నాలుగు. ముట్టనివాటిలో ఇంకో నాలుగు."

"తర్వాతది ఎన్నింటికి చేద్దాం?"

పద్ధెనిమిదేళ్లలో ఆ గదిలో ఆయన ఆమెను ఎన్నింటికని అడగలేదు. ఎప్పుడూ చెప్పేవాడు.

పట్టకారమ్మ పని పుస్తకం తెరిచి బల్లమీద ఆయన వైపు తిప్పింది. సోమవారం వరసమీద వేలు పెట్టింది. "ముందు ఈ మాట కొట్టెయ్యండి. అప్పుడు చెబుతాను."

క్షమించమని ఆయన అడగలేదు. అలాంటివాళ్లు అడగరు, ఆమె ఎదురుచూడనూ లేదు. కలం తీసి కొట్టేశాడు. గుండ్రటి అక్షరాలమీద గీత వంకరగా పోయింది. ఆయన చెయ్యి వణికింది. ఆమె చూసింది. పుస్తకంలో ఏమీ రాయలేదు.

"ఇప్పుడే చేద్దాం. పన్నెండయ్యేలోపు ఇంకో రెండవుతాయి."

గుమ్మం బయటినుంచి తాత గొంతు వినపడింది. "అమ్మాయ్, నా మోకాలు ఒప్పుకోదు. ఇంకో కాలెవరిదైనా చూసుకో."

సర్టిఫికెట్టు లేవబోయాడు. "నువ్వు కూర్చో. పాఠం పేరు సరిచూడ్డానికి ఇంకో జత కళ్లు కావాలి," అందామె.

ఇక గదిలో మిగిలిన కాళ్లు రెండే.

మేనేజరు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత వెళ్లి లిఫ్టు గుమ్మంలో నిలబడ్డాడు. పాలిష్ పెట్టిన నల్ల బూటు ఇనుప తలుపుకు అడ్డంగా పెట్టాడు. తాత స్టూలుమీద కూర్చుని, "ఇంకాస్త లోపలికండీ. ఆఁ, అక్కడ," అన్నాడు.

మూడో అంతస్తులో ఎవరో గంట నొక్కారు. మళ్లీ నొక్కారు.

"ఆరు నిమిషాలు రాదు!" అని మేనేజరు పైకి అరిచాడు.

పట్టకారమ్మ నెత్తిమీది దీపం వంక చూసింది. నిలకడగా ఉంది. మీట నొక్కింది.